ఫోన్ పోయినా అకౌంట్లు పోకుండా: బెంగళూరులో ఉండే మనవాళ్లు ముందే చేసి పెట్టుకోవాల్సిన పనులు

"అన్నా, ఏ వీపీఎన్ మంచిది?" అని ఎవరో ఒకరు అడగని వారం ఉండదు. వీపీఎన్ అంటే మన నెట్ వాడకాన్ని వైఫై ఇచ్చినవాళ్లకి కనిపించకుండా వేరే సర్వర్ గుండా పంపే యాప్. అడిగేవాళ్లు టెక్నాలజీ తెలియనివాళ్లేం కాదు. మారతహళ్లిలోనో బీటీఎంలోనో పీజీలో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాళ్లు, ఫోన్‌లో కంపెనీ ఇచ్చిన ఆండ్రాయిడ్ తీసేసి కస్టమ్ రోమ్ ఎక్కించుకున్నవాళ్లు, రూమ్‌లో సొంత యాడ్ బ్లాకర్ నడుపుకునేవాళ్లు. "వీపీఎన్ సంగతి తర్వాత, సిమ్‌కి పిన్ పెట్టావా?" అని అడిగితే మాత్రం "సిమ్‌కి కూడా పిన్ ఉంటుందా అన్నా?" అంటారు.

సిల్క్ బోర్డ్ దగ్గర బస్సెక్కే తోపులాటలో ఫోన్ కొట్టేసినవాడికి మీ వీపీఎన్ ఏమీ అడ్డం కాదు. వాడు సిమ్ పీకి ఇంకో ఫోన్‌లో వేసుకుంటాడు. ఇక మీ నంబర్‌కి వచ్చే ఓటీపీలన్నీ వాడికే. మెయిల్, వాట్సాప్, బ్యాంకు, ఆధార్ అన్నీ ఆ పది అంకెలకే కట్టేసి ఉన్నాయి. అందుకే ముందు నంబర్, తర్వాత మెయిల్, ఆ తర్వాత ఆధార్ కాగితాలు. మిగతావి తీరిక ఉంటే చూసుకోవచ్చు. కింద పనులు కూడా ఆ వరసలోనే రాశాను. వరస మార్చకండి. ముఖ్యంగా ఆరో పని మొదటిదాని కంటే ముందు చేస్తే స్టోర్ చుట్టూ తిరగాల్సి వస్తుంది, ఎందుకో అక్కడ చెప్తాను.

కావాల్సినవి

- మీ ఫోన్, అందులో ఆధార్‌కి లింక్ అయిన నంబర్ పనిచేస్తూ ఉండాలి.
- నమ్మకమైన ఫ్రెండ్ ఒకరు, వాళ్ల ఫోన్ లేదా ల్యాప్‌టాప్.
- రెండు తెల్ల కాగితాలు, పెన్ను. కాగితమా అని నవ్వకండి. ఫోన్ పోయిన రోజు చేతిలో మిగిలేది అదొక్కటే.
- ఒక శనివారం పొద్దున. ఆదివారమైతే కస్టమర్ కేర్ దొరికినా మీ సిమ్ కంపెనీ స్టోర్ తెరిచి ఉంటుందన్న గ్యారంటీ లేదు.

మొదలుపెట్టే ముందు ఫోన్ వెనక కవర్ ఒకసారి ఊడదీసి చూడండి. మెట్రో కార్డు, మడిచిన ఐదొందల నోటు ఉంటే ఉండనివ్వండి. డెబిట్ కార్డు ఉంటే మాత్రం ఇప్పుడే తీసి పర్సులో పెట్టండి. కార్డు చివరి 6 అంకెలు, ఎక్స్‌పైరీ తేదీ, ఫోన్‌కి వచ్చే ఓటీపీ ఉంటే చాలు, చాలా బ్యాంకుల్లో యూపీఐ పిన్ కొత్తగా పెట్టుకోవచ్చు. కొన్ని బ్యాంకులు ఏటీఎం పిన్ కూడా అడుగుతాయి, అన్నీ అడగవు. పైగా ట్యాప్ చేసే కార్డయితే 5,000 రూపాయల దాకా పిన్ లేకుండానే గీకేయొచ్చు. ఫోనూ కార్డూ ఒకే చోట పెట్టుకుని తిరిగితే దొంగకి రెండో ప్రయత్నం అక్కర్లేదు.

1. సిమ్ ఎవరి పేరు మీద ఉందో చూడండి

మనవాళ్లలో ఇది చాలామందికి ఉన్న సమస్య, ఎవరూ పట్టించుకోని సమస్య. ఇంటర్‌లో ఉన్నప్పుడు కడపలోనో గుంటూరులోనో నాన్న పేరు మీద తీసుకున్న సిమ్ అది. చదువైపోయింది, ఉద్యోగం వచ్చింది, బ్యాంకు అకౌంట్లన్నీ దానికే లింక్ అయ్యాయి, సిమ్ మాత్రం ఇంకా నాన్న పేరు మీదే ఉంది. ఫోన్ పోతే డూప్లికేట్ సిమ్ కోసం సిమ్ ఎవరి పేరు మీద ఉందో వాళ్లే కేవైసీకి రావాలి. మీరు వైట్‌ఫీల్డ్‌లో, నాన్న ఊళ్లో. ఆయన బయల్దేరి స్టోర్‌కి వెళ్లేదాకా మీ నంబర్ గాల్లో ఉన్నట్టే.

ఏం చేయాలంటే: సంక్రాంతికి ఊరెళ్లినప్పుడో, అమ్మానాన్నలు మీ దగ్గరికి వచ్చినప్పుడో ఇద్దరూ కలిసి కంపెనీ సొంత స్టోర్‌కి వెళ్లి సిమ్ మీ పేరు మీదకి మార్పించుకోండి. రీఛార్జ్ షాపులో ఇది అవదు. అంతవరకూ ఆగలేకపోతే మీ పేరు మీద కొత్త నంబర్ తీసుకుని, ముందు బ్యాంకుని, తర్వాత ఆధార్‌ని, మెయిల్‌ని దానికి మార్చండి. కొంచెం చాకిరీయే, తప్పదు.

సిమ్ మీ పేరు మీదే ఉన్నా ఇంకో ప్రశ్న ఉంది. ఆంధ్రా, తెలంగాణ సర్కిల్ సిమ్‌కి బెంగళూరు స్టోర్‌లో డూప్లికేట్ ఇస్తారా? కంపెనీని బట్టి, ఒక్కోసారి స్టోర్‌ని బట్టి కూడా జవాబు మారుతుంది. మీకు దగ్గర్లోని స్టోర్‌కి వెళ్లి ఇప్పుడే అడగండి. ఇవ్వం అంటే కర్ణాటక నంబర్‌కి మారాలా వద్దా అన్నది తీరిగ్గా ఆలోచించుకోవచ్చు.

తర్వాత సంచార్ సాథీ పోర్టల్ తెరవండి. 2023 మేలో టెలికాం శాఖ మొదలుపెట్టింది, 2025 జనవరిలో యాప్ కూడా వచ్చింది. మీ నంబర్ ఇచ్చి ఓటీపీతో లోపలికి వెళ్తే మీ పేరు మీద ఎన్ని కనెక్షన్లు ఉన్నాయో కనిపిస్తాయి. ఒక మనిషి పేరు మీద 9 దాకా ఉండొచ్చు. తెలియని నంబర్ ఉంటే "నాది కాదు" అని, ఎప్పుడో తీసుకుని వదిలేసింది ఉంటే "అక్కర్లేదు" అని రిపోర్ట్ చేయండి. రెండింటికీ తేడా ఉంది. మీరే తీసుకుని మర్చిపోయిన సిమ్‌ని "నాది కాదు" అనకండి.

పాత నంబర్ రీఛార్జ్ చేయకుండా వదిలేశారా? నంబర్ కట్ అయ్యాక 90 రోజులు దాటితే కంపెనీ దాన్ని ఇంకొకరికి ఇవ్వొచ్చు. ఆ కొత్త మనిషి దొంగ కాకపోయినా మీ ఓటీపీలు ఆయన ఫోన్‌కే వెళ్తాయి. వదిలేసేముందు దాన్ని బ్యాంకు నుంచి, మెయిల్ నుంచి తీసేయండి.

2. సిమ్‌కి పిన్ పెట్టండి

ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్ తెరిచి పైన వెతికే చోట "సిమ్ లాక్" అని కొట్టండి. ఒక్కో కంపెనీ ఫోన్‌లో ఒక్కో మూల దాచారు, వెతకడమే తేలిక. ఐఫోన్‌లో మొబైల్ డేటా సెట్టింగ్స్‌లో "సిమ్ పిన్" ఉంటుంది. ఆన్ చేయగానే పాత పిన్ అడుగుతుంది. మీరెప్పుడూ పెట్టలేదు కదా, కంపెనీ పెట్టిన డిఫాల్ట్ పిన్ అది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి కనుక్కోండి.

ఇక్కడ చాలామంది చేసే తప్పు: డిఫాల్ట్ పిన్ ఊహించి కొట్టడం. మూడుసార్లు తప్పు కొడితే సిమ్ లాక్ అయిపోయి పీయూకే కోడ్ అడుగుతుంది. అది 8 అంకెలుంటుంది, కంపెనీ యాప్‌లోనో కస్టమర్ కేర్ దగ్గరో దొరుకుతుంది. పీయూకే కూడా పదిసార్లు తప్పు కొడితే ఆ సిమ్ ఇక పనికిరాదు, కొత్తది తెచ్చుకోవాల్సిందే. కాబట్టి పిన్ ముట్టుకునేముందే పీయూకే కనుక్కుని కాగితం మీద రాసుకోండి.

డిఫాల్ట్ పిన్‌తో ఆన్ అయ్యాక వెంటనే మీ సొంత పిన్‌కి మార్చండి. ఫోన్ లాక్ పిన్నూ ఇదీ ఒకటే పెట్టకండి, పుట్టినరోజు అసలే వద్దు. రెండు సిమ్‌లుంటే రెండింటికీ పెట్టాలి.

ఒక హెచ్చరిక. ఫోన్ రీస్టార్ట్ అయిన ప్రతిసారీ సిమ్ పిన్ అడుగుతుంది. రాత్రి అప్‌డేట్ వచ్చి ఫోన్ దానంతటదే రీస్టార్ట్ అయితే పొద్దున్న మీరు పిన్ కొట్టేదాకా కాల్స్ రావు. ఇంట్లో పెద్దవాళ్లకి ఒంట్లో బాగోలేక రాత్రిళ్లు ఫోన్ వచ్చే పరిస్థితి ఉంటే రాత్రి అప్‌డేట్ అయ్యే సెట్టింగ్ ఆపేయండి.

సరిగ్గా అయిందో లేదో చూడాలంటే ఫోన్ ఆఫ్ చేసి, సిమ్ తీసి ఫ్రెండ్ ఫోన్‌లో వేయండి. పిన్ అడిగిందంటే పని అయినట్టే. అడక్కుండా సిగ్నల్ వచ్చేసిందంటే లాక్ ఆన్ అవలేదు.

ఈసిమ్ (విడి కార్డు లేకుండా ఫోన్‌లోపలే ఉండే సిమ్) వాడేవాళ్లు దీన్ని పీకడం కుదరదు కదా అని ధీమాగా ఉంటారు. అది నిజమే, మంచిదే. కానీ ఫోన్ పగిలిపోతే సిమ్ తీసి పాత ఫోన్‌లో వేసుకునే వీలు కూడా ఉండదు. నన్నడిగితే బ్యాంకు నంబర్‌ని ఈసిమ్ చేసుకోవడం మేలే, ఆ నంబర్‌ని కొత్త ఫోన్‌కి మార్చే పద్ధతి మీ కంపెనీలో ఎలాగో ముందే తెలుసుకుంటే.

3. లాక్ స్క్రీన్ మీద ఓటీపీ కనిపించకుండా చేయండి

ఫోన్ లాక్‌లో ఉన్నా మెసేజ్ వస్తే స్క్రీన్ మీద పూర్తిగా కనిపిస్తుంటే సిమ్ పిన్ పెట్టినా లాభం లేదు. నోటిఫికేషన్ సెట్టింగ్స్‌లో లాక్ స్క్రీన్ దగ్గర సున్నితమైన సమాచారం దాచే ఆప్షన్ ఎంచుకోండి. ఫ్రెండ్ చేత "టెస్ట్ 4821" అని మెసేజ్ పెట్టించండి. లాక్ తీయకుండా అంకెలు కనిపిస్తే ఇంకా అవలేదు. వాట్సాప్‌కి, మెయిల్‌కి కూడా ఇలాగే చూడండి.

ప్యాటర్న్ లాక్ వాడుతుంటే తీసేయండి. మెట్రోలో పక్కన నిలబడినవాడికి మీ వేలు కదిలే తీరు చాలు. కనీసం 6 అంకెల పిన్ పెట్టండి.

ఆండ్రాయిడ్ 10 లేదా ఆ పైది అయితే గూగుల్ సెట్టింగ్స్‌లో "థెఫ్ట్ ప్రొటెక్షన్" వెతకండి. చేతిలోంచి లాక్కుని పరిగెడితే లాక్ అవడం, నెట్ లేకపోతే లాక్ అవడం, ఇంకో ఫోన్ నుంచి నంబర్ కొట్టి లాక్ చేయడం ఇక్కడే ఉంటాయి. కొన్ని ఫోన్లలో అన్నీ కనిపించవు, ఉన్నవి ఆన్ చేయండి. ఐఫోన్‌లో ఐఓఎస్ 17.3 నుంచి "స్టోలెన్ డివైస్ ప్రొటెక్షన్" ఉంది. అది ఆన్ చేస్తే దొంగకి మీ పాస్‌కోడ్ తెలిసినా ఆపిల్ అకౌంట్ పాస్‌వర్డ్ మార్చలేడు.

యూపీఐ లైట్ వాడేవాళ్లకి ఒక మాట. అందులో ఒక్కో పేమెంట్‌కి 1,000 దాకా పిన్ అక్కర్లేదు, మొత్తం 5,000 దాకా పెట్టుకోవచ్చు. టీకొట్టు దగ్గర హాయిగా ఉంటుంది. కానీ ఫోన్ తెరిచి ఉండగా పోతే ఆ డబ్బు పోయినట్టే లెక్క. ఎంత పోయినా పర్లేదో అంతే వేసుకోండి.

4. మెయిల్

నంబర్ తర్వాత అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఏ అకౌంట్‌లో "పాస్‌వర్డ్ మర్చిపోయాను" నొక్కినా లింక్ వచ్చేది మెయిల్‌కే.

గూగుల్ అకౌంట్‌లో సెక్యూరిటీ పేజీకి వెళ్లండి. మొదట రికవరీ నంబర్, రికవరీ మెయిల్ చూడండి. సగం మందికి అక్కడ కాలేజీ రోజుల నంబరో, ఎప్పుడో మూసేసిన కాలేజీ మెయిలో ఉంటుంది. మార్చేయండి. తర్వాత టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ తర్వాత ఇంకో రుజువు అడగడం) ఆన్ చేసి, ఎస్ఎంఎస్ ఓటీపీ బదులు పాస్‌కీ (ఫోన్ లాక్‌తోనే లాగిన్ అయ్యే పద్ధతి) గానీ ఆథెంటికేటర్ యాప్ (ఫోన్‌లోనే లాగిన్ కోడ్లు తయారుచేసే యాప్) గానీ పెట్టుకోండి. అక్కడే బ్యాకప్ కోడ్స్ ఉంటాయి: 10 కోడ్లు, ఒక్కొక్కటి 8 అంకెలు, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. కాగితం మీద రాసుకోండి.

ఇక్కడ టెక్నాలజీ బాగా తెలిసినవాళ్లే ఎక్కువ తప్పు చేస్తారు. ఆథెంటికేటర్ ఒక్కటే పెట్టుకుని, అది కూడా ఆ ఒక్క ఫోన్‌లోనే ఉంచుకుని, బ్యాకప్ కోడ్స్‌ని స్క్రీన్‌షాట్ తీసి అదే మెయిల్ డ్రైవ్‌లో దాచుకుంటారు. బీరువా తాళంచెవి బీరువాలోనే పెట్టి తలుపేసినట్టు. ఫోన్ పోయిన రోజు దొంగ సంగతి దేవుడెరుగు, మీరే లోపలికి వెళ్లలేరు.

ఆథెంటికేటర్ బ్యాకప్ ఎలా చేసుకోవాలి? ఆండ్రాయిడ్‌లో ఏజిస్ అనే ఆథెంటికేటర్ యాప్ వాడితే పాస్‌వర్డ్ పెట్టి ఒక ఫైల్‌గా ఎగుమతి చేసి ల్యాప్‌టాప్‌లో పెట్టుకోవచ్చు. గూగుల్ ఆథెంటికేటర్‌లో 2023 నుంచి అకౌంట్‌కి సింక్ అయ్యే సదుపాయం ఉంది. కానీ గూగుల్ అకౌంట్‌లోకి వెళ్లడానికి కావాల్సిన కోడ్ కూడా అందులోనే ఉంటే మళ్లీ మొదటికొస్తుంది. ఏది వాడినా కాగితం మీది కోడ్స్ ఉండాల్సిందే.

5. వాట్సాప్

సెట్టింగ్స్‌లో అకౌంట్, అందులో టూ స్టెప్ వెరిఫికేషన్. 6 అంకెల పిన్ పెట్టి, రికవరీ మెయిల్ కూడా ఇవ్వండి. మెయిల్ ఇవ్వకుండా పిన్ మర్చిపోతే మీ అకౌంట్ కోసం మీరే 7 రోజులు ఆగాలి. టెలిగ్రామ్‌లోనూ ఇలాంటి పాస్‌వర్డే ఉంది, అదీ పెట్టండి.

తర్వాత లింక్డ్ డివైసెస్ చూడండి. జిరాక్స్ షాపులో ప్రింట్ కోసం వాట్సాప్ వెబ్ తెరిచి లాగౌట్ చేయకుండా వచ్చినవాళ్లు ఎంతమందో. గుర్తుపట్టలేని కంప్యూటర్ ఏదైనా కనిపిస్తే లాగౌట్ కొట్టండి. ఆఫీసు ల్యాప్‌టాప్ కూడా అక్కడ ఎందుకుందో ఒకసారి ఆలోచించండి. అందులో మీరు చూసేదంతా కంపెనీ చూడగలదు అనుకుని ఉండటమే మంచిది.

కాల్ సెట్టింగ్స్‌లో కాల్ ఫార్వర్డింగ్ కూడా చూడండి. "ఎప్పుడూ ఫార్వర్డ్ చేయి" అన్నచోట ఏ నంబరూ ఉండకూడదు. కొరియర్ వాడినని చెప్పి ఏవో స్టార్, హ్యాష్ కోడ్లు డయల్ చేయించే మోసం ఇక్కడే పనిచేసేది. ఓటీపీ కాల్ రూపంలో వస్తే అటు వెళ్లిపోతుంది. కోడ్ డయల్ చేసి ఫార్వర్డ్ చేసే పద్ధతిని 2024 ఏప్రిల్‌లో టెలికాం శాఖ ఆపించింది. అయినా ముందే చేసినవి మిగిలి ఉండొచ్చు, ఒకసారి చూస్తే పోయేదేం లేదు.

6. ఆధార్

పీజీలో చేరేటప్పుడు, ఫ్లాట్ అడ్వాన్స్ ఇచ్చేటప్పుడు, గ్యాస్ కనెక్షన్‌కి, చివరికి జిమ్‌లో కూడా ఆధార్ కాపీ అడుగుతారు. పీజీ ఓనర్ వాట్సాప్‌లో మీ ఆధార్‌తో పాటు మీకు ముందు ఉండి వెళ్లినవాళ్ల ఆధార్‌లు కూడా వరసగా ఉంటాయి. జిరాక్స్ షాపు కంప్యూటర్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఎప్పుడైనా చూశారా? పేర్లతో సహా ఆధార్ పీడీఎఫ్‌లు దొంతరగా ఉంటాయి. వాటికి పాస్‌వర్డ్ ఉంటుందిగా అనకండి. పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. ఫైల్ పేరే మీ పేరైతే మిగిలింది సంవత్సరం ఒక్కటే.

చేయాల్సింది: మై ఆధార్ సైట్‌లో లాగిన్ అయి డౌన్‌లోడ్ చేసేటప్పుడు "మాస్క్‌డ్ ఆధార్" టిక్ పెట్టండి. చివరి 4 అంకెలే కనిపిస్తాయి. దాని మీద అడ్డంగా "ఫలానా పీజీ కోసం మాత్రమే" అని, తేదీ రాసి ఇవ్వండి. ఓనర్ "ఫుల్ నంబర్ కావాలి" అంటే డ్రైవింగ్ లైసెన్స్ ఇస్తానని చెప్పి చూడండి. చాలావరకు ఒప్పుకుంటారు, వాళ్లకి కావాల్సింది పోలీసులు అడిగితే చూపించడానికి ఒక కాగితం.

కాపీలు ఎవరికి పడితే వాళ్లకి ఇవ్వొద్దు, మాస్క్‌డ్ ఆధార్ వాడండి అని 2022 మేలో ఆధార్ సంస్థ బెంగళూరు ప్రాంతీయ ఆఫీసే ప్రకటన ఇచ్చింది. జనం తప్పుగా అర్థం చేసుకునే వీలుందని రెండ్రోజులకే కేంద్రం దాన్ని వెనక్కి తీసుకుంది. ప్రకటన పోయినా మాస్క్‌డ్ ఆధార్ సదుపాయం ఎక్కడికీ పోలేదు.

ఇక బయోమెట్రిక్ లాక్. కాపీలో ఉన్న నంబర్‌కి వేలిముద్ర తోడైతేనే అసలు ప్రమాదం. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ డీలర్ రిజిస్ట్రేషన్ పత్రాల మీది వేలిముద్రలతో నకిలీ ముద్రలు తయారుచేసి వేల సిమ్‌లు యాక్టివేట్ చేసిన కేసు మనవాళ్లలో కొందరికైనా గుర్తుండే ఉంటుంది. మై ఆధార్‌లో "లాక్ బయోమెట్రిక్స్" ఆన్ చేస్తే వేలిముద్ర, కనుపాప, ముఖం ఏదీ పనిచేయదు. ఓటీపీ మాత్రం పనిచేస్తుంది.

వరస మార్చొద్దన్నది ఇందుకే. లాక్ చేసి సిమ్ పేరు మార్పించడానికి వెళ్తే స్టోర్‌లో వేలు ఎన్నిసార్లు పెట్టినా ఎర్రర్ వస్తుంది. ముందు సిమ్ పని పూర్తి చేసుకుని తర్వాత లాక్ చేయండి. ఇంకో చిక్కు కూడా ఉంది. ఫోన్ పోయాక లాక్ తీయాలంటే ఓటీపీ ఆ పోయిన నంబర్‌కే వస్తుంది. అప్పుడు డూప్లికేట్ సిమ్ కోసం ఒరిజినల్ పాస్‌పోర్టో డ్రైవింగ్ లైసెన్సో ఓటర్ కార్డో స్టోర్‌కి పట్టుకెళ్లి వేలిముద్ర లేని డిజిటల్ కేవైసీ చేయమని అడగండి. కౌంటర్‌లో కుర్రాడు కుదరదంటే మేనేజర్‌ని అడగండి, ఊరికే వెనక్కి రాకండి. ఈ ఒరిజినల్స్ ఊళ్లో బీరువాలో ఉంటే ఒకటైనా బెంగళూరు తెచ్చుకోండి.

మై ఆధార్‌లోనే "ఆథెంటికేషన్ హిస్టరీ" ఉంది. గత 6 నెలల్లో మీ ఆధార్ ఎక్కడెక్కడ వాడారో చూపిస్తుంది. మీరు బ్యాంకుకే వెళ్లని రోజు వేలిముద్ర ఎంట్రీ ఉంటే వెంటనే ఆధార్ హెల్ప్‌లైన్ 1947కి ఫోన్ చేసి, బ్యాంకు అకౌంట్ చూసుకోండి.

7. పాస్‌వర్డ్లు

పాస్‌వర్డ్లన్నీ తాళం వేసి దాచే యాప్ ఒకటి, బిట్‌వార్డెన్ గానీ కీపాస్‌ఎక్స్‌సీ గానీ పెట్టుకోండి. మొదటిది ఫోన్‌లో, ల్యాప్‌టాప్‌లో సింక్ అవుతుంది, రెండోది మీ దగ్గరే ఉండే ఫైల్. ఏది మంచిదన్న వాదన మీకిష్టమైతే చేసుకోండి, ఏదో ఒకటి వాడటం ముఖ్యం. ఆ యాప్ తెరిచే మాస్టర్ పాస్‌వర్డ్‌కి ఒకదానికొకటి సంబంధం లేని ఐదు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే చాలు. సినిమా డైలాగ్ వద్దు, అభిమాన హీరో పేరు పక్కన 123 అసలే వద్దు. బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డ్లు ఈ రోజే మార్చండి, మిగతావి లాగిన్ అయినప్పుడల్లా ఒక్కోటి మార్చుకుంటూ పోండి. అన్నీ ఒకేరోజు మారుద్దామని కూర్చుంటే మధ్యలో విసుగొచ్చి వదిలేస్తారు.

8. ఇప్పుడు వీపీఎన్, వైఫై

పీజీ వైఫైలో మీరు ఏ సైట్‌కి వెళ్తున్నారో తెలియొచ్చు గానీ, బ్యాంకు సైట్‌లో కొట్టిన పాస్‌వర్డ్ తెలియదు, అది దారిలోనే గుప్తంగా వెళ్తుంది. అందుకని వీపీఎన్ కోసం డబ్బు తగలేయాల్సిన తొందరేం లేదు. ఫ్రీ వీపీఎన్ అసలే వద్దు, పీజీ ఓనర్‌కి తెలిసేది ఇంకెవరికో తెలుస్తుంది, అంతే తేడా. మన దేశంలో సర్వర్లు పెట్టిన కంపెనీలు కస్టమర్ వివరాలు 5 ఏళ్లు ఉంచాలని 2022లో కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశించాక కొన్ని పెద్ద కంపెనీలు ఇక్కడి సర్వర్లు తీసేశాయి కూడా. ఆండ్రాయిడ్ 9 నుంచి ఉన్న ప్రైవేట్ డీఎన్ఎస్ (సైట్ల అడ్రసులు వెతకడాన్ని గుప్తంగా పంపే సెట్టింగ్) ఆన్ చేసుకోండి, ఖర్చు లేదు. సొంత ఫ్లాట్ అయితే రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. కనెక్షన్ ఇచ్చినవాళ్లు పెట్టి వెళ్లింది చాలాచోట్ల అలాగే ఉంటుంది.

9. కాగితం రాసి, పరీక్ష పెట్టండి

కాగితం మీద ఉండాల్సినవి: *#06# కొడితే వచ్చే రెండు ఐఎంఈఐ నంబర్లు (ఫోన్‌ని గుర్తుపట్టే నంబర్లు), పీయూకే, మెయిల్ బ్యాకప్ కోడ్స్, బ్యాంకు హెల్ప్‌లైన్, సిమ్ కంపెనీ హెల్ప్‌లైన్. సిమ్ కంపెనీది 198 లాంటి చిన్న నంబర్ రాసుకోకండి. వేరే కంపెనీ సిమ్ నుంచి కొడితే వాళ్ల కస్టమర్ కేర్‌కే పోతుంది. పది అంకెల నంబరో టోల్‌ఫ్రీ నంబరో కనుక్కుని రాసుకోండి. ఒక కాపీ రూమ్‌లో, ఒకటి కవర్‌లో పెట్టి అంటించి ఇంట్లో అమ్మ దగ్గర. పర్సులో మాత్రం వద్దు.

ఇప్పుడు మీ ఫోన్ ఆఫ్ చేసి పక్కన పెట్టేయండి. ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లో ప్రైవేట్ విండో తెరిచి, ఆ కాగితం ఒక్కటే చూసి మీ మెయిల్‌లోకి వెళ్లండి. వెళ్లగలిగారా? వాడిన కోడ్ కొట్టేసి లాగౌట్ అవండి. వెళ్లలేకపోయారా? ఎక్కడ ఆగిపోయారో అక్కడే మీ లోపం ఉంది, నాలుగో పనికి తిరిగి వెళ్లండి. ఆ తర్వాత ఫోన్ ఆన్ చేసి, ఫ్రెండ్ ఫోన్ నుంచి పోయిన ఫోన్‌ని వెతికే గూగుల్ ఫైండ్ హబ్‌లో మీ ఫోన్‌ని రింగ్ చేసి చూడండి. ఈ పరీక్ష చేయకుండా "అన్నీ పెట్టేశాను" అనేవాళ్ల మాట నేను నమ్మను.

నిజంగానే పోతే

వరస ఇది. ముందు ఫ్రెండ్ ఫోన్ నుంచి రిమోట్ లాక్, ఆ తర్వాతే సిమ్ బ్లాక్. చాలామంది సిమ్ ముందు బ్లాక్ చేయిస్తారు. అప్పుడు ఫోన్‌కి నెట్ పోయి లాక్ ఆదేశం అందదు, ఎక్కడుందో కూడా కనిపించదు. అలాగని లొకేషన్ చూస్తూ అరగంట కూర్చోకండి. లాక్ కొట్టిన రెండు నిమిషాల్లో సిమ్ కంపెనీకి ఫోన్ చేయండి. చుక్క ఎక్కడో చూపిస్తోంది కదా అని కలాసిపాళ్యం సందుల్లోకి మీరే వెళ్లొద్దు, ఆ స్క్రీన్‌షాట్ పోలీసులకి ఇవ్వండి.

మూడోది బ్యాంకు. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి యూపీఐ, నెట్ బ్యాంకింగ్ ఆపించండి, కంప్లైంట్ నంబర్ రాసుకోండి. డబ్బు అప్పటికే పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. గంటల్లో చెప్తే డబ్బు దారిలోనే ఆపే అవకాశం ఉంటుంది, మర్నాడు చెప్తే కష్టం.

నాలుగోది పోలీసు కాగితం. ఫోన్ ఎక్కడో పడిపోతే కర్ణాటక పోలీసుల ఈ-లాస్ట్ రిపోర్ట్ ఆన్‌లైన్‌లోనే తీసుకోవచ్చు. కొట్టేశారంటే అది సరిపోదు, స్టేషన్‌కి వెళ్లి దొంగతనమని కంప్లైంట్ రాసివ్వాలి. "లాస్ట్ అని రాయండి, పని తొందరగా అవుతుంది" అని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. ఇన్సూరెన్స్ ఉంటే ఆ సలహా వినకండి, క్లెయిమ్ దగ్గర ఇబ్బంది అవుతుంది. ఆ కాపీతో సంచార్ సాథీలో పోయిన ఫోన్లని బ్లాక్ చేసే సీఈఐఆర్ విభాగానికి వెళ్లి ఐఎంఈఐలు బ్లాక్ చేయించండి. రిక్వెస్ట్ ఐడీ జాగ్రత్త.

ఐదోది డూప్లికేట్ సిమ్. కొత్త సిమ్ పనిచేయడం మొదలయ్యాక కూడా 24 గంటలు ఎస్ఎంఎస్‌లు రావు, అది భద్రత కోసం పెట్టిన నియమం. ఓటీపీ రావడం లేదని టెన్షన్ పడి మళ్లీ స్టోర్‌కి పరిగెత్తకండి. ఎస్ఎంఎస్‌లు మొదలవగానే కొత్త సిమ్‌కి పిన్ పెట్టడం మర్చిపోవద్దు, పాత పిన్ దీనికి రాదు.

కొన్నాళ్లకి "మీ ఫోన్ దొరికింది, లొకేషన్ చూడండి" అని లింక్‌తో మెసేజ్ రావచ్చు. ఐఫోన్ పోగొట్టుకున్నవాళ్లకి ఎక్కువ వస్తుంది. ఆ లింక్ తెరిచి ఆపిల్ పాస్‌వర్డ్ కొట్టారా, దొంగ చేతిలో లాక్‌తో పడి ఉన్న ఫోన్‌ని మీరే తెరిచి ఇచ్చినట్టు. "అకౌంట్‌లోంచి ఫోన్ తీసేయండి" అని ఎవరు అడిగినా తీయొద్దు. పోలీసులకి నిజంగా దొరికితే స్టేషన్ నుంచి ఫోన్ వస్తుంది. వెళ్లి తెచ్చుకున్నాక అదే రిక్వెస్ట్ ఐడీతో సీఈఐఆర్‌లో అన్‌బ్లాక్ చేయించండి, లేకపోతే ఫోన్ మీ చేతిలో ఉన్నా ఏ సిమ్ వేసినా సిగ్నల్ రాదు.